జూరాల గట్టున ఒక ‘ఫ్రెంచ్’ రెస్టారెంట్

మీరు చివరిసారి బయట తిన్నప్పుడు ఆ వంట ఎవరు చేశారో చూశారా? పేరు అక్కర్లేదు, కనీసం మొహం? మనలో ఎక్కువమందిమి చూడం. మెనూ ఇచ్చేది ఒకరు, ప్లేటు తెచ్చేది ఇంకొకరు, బిల్లు కొట్టేది మరొకరు. ఓనరు ఎక్కడో ఇంకో బ్రాంచ్‌లో ఉంటాడు. యాప్‌లో ఆర్డర్ పెడితే ఆ ముగ్గురూ కనబడరు. మ్యాప్ మీద కదిలే ఒక బైక్ బొమ్మ కనబడుతుంది, అంతే.

ఫ్రాన్స్ ట్రిప్ వెళ్లొచ్చిన వాళ్ల రీల్స్ చూడండి. ఈఫిల్ టవర్ తర్వాత వాళ్లు ఎక్కువగా చెప్పేది ఒక చిన్న రెస్టారెంట్ గురించి. ఏదో పల్లెలో, పది టేబుళ్లు కూడా ఉండవు. వంట చేసే ఆయనే ఓనరు. భార్యో, భర్తో వడ్డిస్తారు. మెనూ కార్డు ఉండదు, నల్ల పలక మీద సుద్దముక్కతో రాసిన మూడు నాలుగు ఐటమ్స్ ఉంటాయి. అలా వంటా తనే, హోటలూ తనదే అయిన మనిషిని అక్కడ ‘షెఫ్ పత్రోన్’ అంటారు. అలాంటి చోటు అనుకోకుండా దొరకడమే ట్రిప్ మొత్తానికి హైలైట్ అని చెబుతారు.

నేను ఫ్రాన్స్ వెళ్లలేదు. పాస్‌పోర్ట్ మీద ఇంతవరకు ఒక్క స్టాంప్ కూడా లేదు. కానీ ఆ రీల్స్‌లో చెప్పేదంతా ఉన్న చోటు ఒకటి నాకు దొరికింది. గద్వాల జిల్లాకీ వనపర్తి జిల్లాకీ మధ్య, కృష్ణ పక్కన, రేకుల కప్పు కింద.

టైర్లు అమ్ముకోవడానికి పుట్టిన స్టార్లు

ముందు ఒక చిన్న ఫ్లాష్‌బ్యాక్. మిషెలిన్ స్టార్ అనే మాట మీరు వినే ఉంటారు. మిషెలిన్ అసలు టైర్ల కంపెనీ. 1900లో ఫ్రాన్స్ మొత్తం మీద కార్లు మూడు వేలు కూడా లేవు. జనం కార్లలో ఎక్కువ తిరిగితేనే టైర్లు అరుగుతాయి, అరిగితేనే కొత్తవి కొంటారు. అందుకని మిషెలిన్ అన్నదమ్ములు ఒక గైడ్ అచ్చేసి ఫ్రీగా పంచారు. పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, రిపేరు ఎక్కడ చేస్తారు, ఎక్కడ పడుకోవచ్చు, ఇలాంటి సమాచారంతో. మంచి భోజనానికి స్టార్ ఇవ్వడం 1926లో మొదలైంది. 1931లో రెండు, మూడు స్టార్లు వచ్చాయి.

ఆ స్టార్ల అర్థం నాకు భలే నచ్చింది. ఒక స్టార్ అంటే దారిలో ఉంటే ఆగండి. రెండు స్టార్లంటే దారి మళ్లైనా సరే వెళ్లండి. మూడు స్టార్లంటే దాని కోసమే ప్రయాణం పెట్టుకోండి. అంటే స్టార్లు చెప్పేది రుచి గురించే కాదు. నువ్వు స్టీరింగ్ ఎంత తిప్పాలో చెబుతున్నాయి.

హైదరాబాద్ నుంచి కర్నూలు, బెంగళూరు వెళ్లే మనం ఎన్‌హెచ్ 44 మీద స్టీరింగ్ తిప్పుతామా? తిప్పం. జడ్చర్ల, భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి అన్నీ వరసగా వెనక్కి పోతాయి. ఆగితే పార్కింగ్ పెద్దగా ఉన్న ఫుడ్‌కోర్టులో ఆగుతాం. షాద్‌నగర్ దగ్గర తిన్న దోశే కర్నూలు దగ్గరా తింటాం. రోడ్డుకి కుడిపక్క గద్వాల, ఎడమపక్క వనపర్తి, ఇంకా లోపలికి పోతే నాగర్‌కర్నూల్. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి మూడూ జిల్లాలయ్యాయి. కానీ కారులో పోయే మనకి ఇప్పటికీ అవి ఆకుపచ్చ బోర్డు మీద పేర్లే.

చీర కోసం పోతే చేప దొరికింది

మా చెల్లి ఎంగేజ్‌మెంట్‌కి గద్వాల చీరే కావాలని అమ్మ పట్టుబట్టింది. అదీ షోరూంలో వద్దట, గద్వాలకే పోయి మగ్గం దగ్గర చూసి కొనాలట. సరే అని ఒక మంగళవారం సెలవు పెట్టి బయల్దేరాం. ఎర్రవల్లి చౌరస్తా దగ్గర హైవే దిగి కుడివైపు తిరిగితే గద్వాల. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, రెండు నదుల నడుమ ఉన్న ఈ నేలని ‘నడిగడ్డ’ అంటారు. పేరులోనే మ్యాప్ ఉంది.

చీర కథ ఇంకోసారి చెబుతా. నూలు ఒంటికి పట్టు అంచు ఎలా కలుపుతారో చూస్తుంటే టైమ్ తెలీలేదు. పని అయ్యేసరికి ఒంటిగంట. వచ్చిన దారినే కాకుండా జూరాల మీదుగా ఆత్మకూరు, అక్కణ్నుంచి కొత్తకోట పోదామని నేనే అన్నా. కృష్ణ తెలంగాణలోకి వచ్చాక దాని మీద మొదటి ప్రాజెక్టు జూరాల. డ్యామ్ మీది రోడ్డెక్కితే ఒక ఒడ్డు గద్వాల జిల్లా, ఇంకో ఒడ్డు వనపర్తి జిల్లా.

జూరాల చేపల సంగతి పాలమూరు వాళ్లకి చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు దగ్గర చేపలు వేయించి పెట్టే చిన్న హోటళ్లు వరసగా ఉంటాయి. గేట్లు ఎత్తిన రోజుల్లో కారు ఆపడానికి చోటు ఉండదు. మేం పోయింది గేట్లు మూసి ఉన్న రోజు. నేను ఫోన్ తీసి రేటింగ్ ఎక్కువున్న హోటల్ వెతుకుతుంటే అమ్మ అంది: “ఫోన్ల ఏం జూస్తవురా, ఆ ముందట రెండు స్కూల్ టీచర్ల బండ్లున్నయ్ చూడు. రోజూ తినేటోళ్లు యాడ తింటే ఆడ పోదాం.” బ్యాగు తగిలించిన స్కూటీలు చూసి వాళ్లు టీచర్లని ఎలా కనిపెట్టిందో నాకిప్పటికీ తెలీదు. కానీ కరెక్టే.

“ఇయ్యాల ఉన్నయి ఇవే”

నాలుగు టేబుళ్లు, రేకుల షెడ్డు, ఒక పక్క పొయ్యి. పొయ్యి దగ్గర యాభై దాటిన ఒకావిడ. ఆమె భర్త చేపలు తోముతున్నాడు.

“ఏమున్నయి అక్కా?” అన్నా.

“కూసోండ్రి బిడ్డా. ఇయ్యాల బొచ్చె ఉన్నది, కొర్రమీను కొంచెం ఉండె, అయిపోయింది. పులుసు ఉన్నది. జొన్నరొట్టె చేస్త, అన్నం ఉన్నది. గంతే.”

మెనూ అయిపోయింది.

బొచ్చె మేం చూస్తుండగా తూకం వేసింది. అల్లంవెల్లుల్లి, కారం, ఉప్పు, పసుపు పట్టించి పెట్టిన ముక్కల్ని పల్లీనూనెలో వేసింది. పక్కన పులుసు గిన్నె. అమ్మ కళ్లు ఆ గిన్నె మీదే. కొంచెం సేపటికి మెల్లగా నా చెవిలో చెప్పింది: “చూసినవా, గరిటె పెడ్తలేదు.”

నిజమే. ఆమె గిన్నెని రెండు పక్కలా గుడ్డతో పట్టుకుని మెల్లగా గుండ్రంగా కుదుపుతోంది. మళ్లీ పొయ్యి మీద పెడుతోంది. చేప ముక్క పది నిమిషాల్లో ఉడుకుతుంది. ఉడికిన ముక్కకి గరిటె తగిలితే విరిగి పులుసులో కలిసిపోతుంది. అందుకే గరిటె బదులు గిన్నెనే కదపాలి. ఇంట్లో అమ్మ చేసేదీ అదే. నేనే ఎప్పుడూ గమనించలేదు.

ఇక్కడ నాలోని ఇంజనీర్ నిద్రలేచాడు. గిన్నె కుదపాలంటే ఆ గిన్నె మనిషి ఎత్తగలిగేంతే ఉండాలి. అంటే ఒక్కో వాయికి మహా అయితే ఇరవై మందికి పులుసు. వందమందికి ఒకేసారి చేయాలంటే పెద్ద డేగిశా కావాలి, డేగిశా కుదపలేరు కాబట్టి గరిటె పెట్టాలి, గరిటె పెడితే ముక్క విరుగుతుంది. ముక్క విరగకూడదంటే గట్టి చేపే వేయాలి, లేదా ముక్కని ముందే వేయించి పులుసులో ఆఖరికి పడేయాలి. పెద్ద హోటళ్లలో చాలాసార్లు జరిగేది అదే. అందుకే అక్కడ పులుసు వేరు, ముక్క వేరు అన్నట్టు ఉంటుంది. రెసిపీ సీక్రెట్ ఏం లేదు. అంతా గిన్నె సైజులో ఉంది.

జొన్నరొట్టెదీ అదే కథ. గోధుమపిండిలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు. సాగదు, చపాతీలా కర్రతో లాగితే పగుళ్లిస్తుంది. అందుకే మసిలే నీళ్లు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండి కాస్త జిగురుపట్టి ముద్దవుతుంది. అప్పుడు చేత్తో తడుతూ రొట్టె చేసి పెనం మీద వేసి, పైన తడిచేత్తో నీళ్లు రాస్తారు. కలిపిన పిండి ఎక్కువసేపు ఉంచితే మళ్లీ పగుళ్లే. అంటే ముందే చేసి పెట్టుకోలేం, మెషీన్‌కి సులువుగా అప్పజెప్పలేం. ఒక రొట్టె తర్వాతే ఇంకో రొట్టె. మన భాషలో చెప్పాలంటే సింగిల్ థ్రెడ్. ఆమెకి రెండు చేతులున్నాయి, ఒక పెనం ఉంది. పక్క టేబుల్ టీచర్‌కి రొట్టె పడ్డాకే నా వంతు.

రొట్టె వచ్చింది, పైన పల్లీచట్నీ, పక్కన పులుసు. రుచి గురించి నేను పేజీలు రాయను. అమ్మ మామూలుగా బయటి తిండికి వంక పెట్టకుండా ఉండదు. ఆ రోజు రెండో రొట్టె అడిగి, “చింతపండు పాతది వేసినవా చెల్లె?” అంది. “అవునక్కా, కొత్తది పులుసును ఎర్రగ చేస్తది గని రుచి రాదు” అందామె. అంతే, అక్కణ్నుంచి ఇద్దరూ నన్ను మర్చిపోయారు. బిల్లు ఇద్దరికీ కలిపి 360 రూపాయలు.

లియాన్ అమ్మలు, పాలమూరు అక్క

వాళ్ల ముచ్చట్లలో తెలిసింది. ఈమె ఇరవై ఏళ్లు వలసలో ఉంది. ‘పాలమూరు లేబర్’ అనే మాట మీరు వినే ఉంటారు. ఈ జిల్లాల నుంచి మేస్త్రీల వెంట గుంపులు గుంపులుగా పోయి ఎక్కడెక్కడో కాలువలు తవ్వారు, డ్యాములు, రోడ్లు కట్టారు. ఈమె భర్త మట్టిపనికి పోతే, ఈమె క్యాంపులో గుంపు మొత్తానికి వండేది. నలభై మందికి, మూడు రాళ్ల పొయ్యి మీద. “ఆడ చేపలు ఎవరిస్తరు? పప్పు, రొట్టె, కారం. గుంపుల అందరూ మా ఊరోళ్లే. ఉప్పు తక్కువైతే తిడుతుండ్రి” అని నవ్వింది. పిల్ల చదువు కోసం తిరిగొచ్చారు. మహిళా సంఘంలో లోన్ తీసుకుని ఈ షెడ్డు వేశారు.

ఇది విన్నాక నాకు ఎప్పుడో చదివిన లియాన్ కథ గుర్తొచ్చింది. ఫ్రాన్స్‌లో లియాన్ నగరానికి తిండి రాజధాని అని పేరు. ఆ పేరు తెచ్చినవాళ్లలో ముందు వరసలో ఉన్నది డబ్బున్నవాళ్ల ఇళ్లలో వంటమనుషులుగా పనిచేసిన ఆడవాళ్లు. ఆ ఇళ్ల నుంచి బయటికొచ్చాక సొంతంగా చిన్న చిన్న హోటళ్లు పెట్టుకున్నారు. వాళ్లని ‘మేర్ లియోనేజ్’ అంటారు, అంటే లియాన్ అమ్మలు. వాళ్లలో మేర్ ఫియూ అనే ఆమె ఏళ్ల తరబడి దాదాపు అవే నాలుగైదు వంటకాలు పెట్టింది. కోడిని తనే టేబుల్ దగ్గరికొచ్చి కోసి వడ్డించేది. మెనూ మార్చాలని ఆమెకి ఎప్పుడూ అనిపించలేదు, తినేవాళ్లకీ అనిపించలేదు.

ఆమె దగ్గర పనిచేసిన యూజెనీ బ్రాజియే కథ ఇంకా గట్టిది. 1895లో పల్లెలో పుట్టింది. పదేళ్లకే తల్లి పోయింది. పొలాల్లో పనికి కుదిరింది. పెళ్లి కాకుండానే తల్లైంది, బిడ్డని పెంచడానికి లియాన్ వచ్చి ఒక ఇంట్లో పనికి చేరింది. 1921లో సొంత రెస్టారెంట్ తెరిచింది. 1933లో ఆమెకున్న రెండు రెస్టారెంట్లకీ మూడేసి మిషెలిన్ స్టార్లొచ్చాయి. మొత్తం ఆరు స్టార్లు, అప్పటికి ప్రపంచంలో ఎవరికీ లేనన్ని. తర్వాత ఫ్రెంచ్ వంటకి పెద్ద పేరైన పాల్ బొకూజ్ కుర్రాడిగా ఉన్నప్పుడు పని నేర్చుకుంది ఈవిడ దగ్గరే.

అక్కడ పెద్దింటి వంటగది, ఇక్కడ లేబర్ క్యాంపు. ఇద్దరూ ఏళ్ల తరబడి వేరేవాళ్ల కోసం వండిన వాళ్లే. వండింది వండినట్టు తమ పేరుకి రాదు. పొయ్యి తమదయ్యాక మొదటిసారి “ఈ రోజు ఇదే చేస్తా, ఇంతే చేస్తా” అని చెప్పగలిగారు. చిన్న మెనూ వెనక నాకు కనబడేది ఆ అధికారం.

పూటకూళ్లు మనకి కొత్తేం కాదు

‘రెస్టారెంట్’ మాట కూడా ఫ్రెంచ్ వాళ్లదే. 18వ శతాబ్దం పారిస్‌లో నీరసంగా ఉన్నవాళ్లకి బలమిచ్చే సూప్‌ని ఆ పేరుతో పిలిచేవారు. తిరిగి శక్తినిచ్చేది అని అర్థం. ఆ సూప్ అమ్మే చోటుకి తర్వాత అదే పేరు స్థిరపడింది.

మనకి అంతకంటే పాత మాటే ఉంది: పూటకూళ్ల ఇల్లు. పూటకి ఇంత అని తీసుకుని బాటసారికి అన్నం పెట్టే ఇల్లు. సుమారు 600 ఏళ్ల కిందటి ‘క్రీడాభిరామం’లో ఓరుగల్లు చూడ్డానికి వచ్చిన ఇద్దరు స్నేహితులు తినేది పూటకూళ్లింట్లోనే. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మ ఉండనే ఉంది. వండేదీ ఆవిడే, వడ్డించేదీ ఆవిడే, బాకీ పడ్డవాణ్ని చీపురుతో వెతికేదీ ఆవిడే. అంటే ఓనరే షెఫ్ అనేది మనం పారిస్ నుంచి దిగుమతి చేసుకోవాల్సిన ఐడియా కాదు. మధ్యలో హైవే ఎక్కి మర్చిపోయాం, అంతే.

ఫ్రాన్స్‌లోనూ మర్చిపోయారు లెండి. ఫ్యాక్టరీలో వండి ఫ్రీజ్ చేసి పంపిన కూరల్ని వేడిచేసి పెట్టే రెస్టారెంట్లు ఎక్కువైపోతే, 2014లో అక్కడి ప్రభుత్వం ‘ఫే మేజోఁ’ అనే గుర్తు తెచ్చింది. ‘ఇక్కడే వండింది’ అని అర్థం. మూకుడు మీద ఇంటి కప్పు బొమ్మ ఉంటుంది. పచ్చి సరుకు తెచ్చి అక్కడికక్కడ వండితేనే ఆ గుర్తు పెట్టుకోవాలి. వంట వండినచోటే అని చెప్పడానికి చట్టం కావాల్సి వచ్చిందంటే చూడండి. జూరాల దగ్గర ఆ బొమ్మ అక్కర్లేదు. పొయ్యి మీ టేబుల్ పక్కనే ఉంటుంది, పొగ మీ కళ్లలోకే వస్తుంది.

వనపర్తిలో రొట్టె, నాగర్‌కర్నూల్‌లో మెస్సు

ఆ రోజు తర్వాత నాకొక అలవాటైంది. ఆ వైపు ఎప్పుడు పోయినా హైవే దిగుతున్నా. వనపర్తిలో సాయంత్రం పూట రోడ్డు పక్కన రొట్టెలు చేసే ఒక జంట దొరికారు. ఆమె తడుతుంది, ఆయన కాలుస్తాడు. కూరలు రెండే. హాస్టల్ పిల్లలు, కాలేజీ పిల్లలు క్యూలో ఉంటారు. నాగర్‌కర్నూల్‌లో ఒక రిటైర్డ్ వంటమాస్టర్ ఇంటి ముందుగదిలోనే మెస్సు నడుపుతున్నాడు. మధ్యాహ్నం ఆఫీసుల వాళ్లు తినిపోయాక రెండున్నరకి తలుపేసి పడుకుంటాడు. “రాత్రికి లేదా సార్?” అంటే “రాత్రి నేను తినాలె గద” అన్నాడు. అక్కణ్నుంచి కొల్లాపూర్ మీదుగా సోమశిల పోతే కృష్ణ వెనకనీళ్ల పక్కన మళ్లీ చేపలు.

ఈ మూడు చోట్లా ఒకటే కనబడింది. “అయిపోయింది” అనే మాట చెప్పడానికి వీళ్లు మొహమాటపడరు. మనకి ఆ మాట వింటే కోపమొస్తుంది. యాప్‌లో ఏదైనా ఎప్పుడైనా దొరకాలి కదా. కానీ పొద్దున పుట్టి వేసుకుని పోయిన మనిషి వలలో ఎన్ని పడితే ఈ రోజు అన్నే చేపలు. ఎప్పుడు పోయినా అన్నీ దొరుకుతున్నాయంటే, ఫ్రిజ్‌లో పాతవి ఉన్నట్టే.

పిన్ పెట్టాలా, వద్దా?

ఇప్పుడు అసలు విషయం. జూరాల అక్క హోటల్ మ్యాప్‌లో లేదు. నాకు చేతులు ఊరుకోలేదు. రెండోసారి పోయినప్పుడు అడిగా: “అక్కా, మీ హోటల్‌ని మ్యాప్‌లో పెట్టనా? ఫోన్‌లో వెతికేవాళ్లకి కనబడతది.”

“పెడితే ఏమైతది?”

“జనం వస్తరు.”

“ఎంతమంది?”

“అది చెప్పలేం అక్కా.”

“ఎంతమందొస్తరో తెల్వకుంటే నేను చేపలెన్ని దేవాలె?”

ఐదేళ్లుగా డేటాతో పనిచేస్తున్నా. ఇంత సూటిగా ఎవరూ అడగలేదు.

ఆమె భయానికి కారణం ఉంది. ఒక వానాకాలం గేట్లెత్తిన ఆదివారం జనం విరగబడ్డారు. పన్నెండింటికే చేపలైపోయాయి. అడిగేవాళ్లు ఆగలేదు. భర్త పోయి ఐసు చేప తెచ్చాడు. ఆ రోజు గల్లా నిండింది. “నిండింది గని, గా రోజు తిన్నోళ్లల్ల ఒక్కలు మళ్ల రాలె. రోజూ వచ్చే సార్లు సుత వారం దినాలు రాలె. చేప మారింది వాళ్లకు తెల్వదా?” అంది.

అలాగని జనం వద్దా? కావాలి. సోమవారం, మంగళవారం సగం పులుసు మిగులుతుంది. సంఘం లోన్ కిస్తీకి సోమవారాలుండవు. పిల్ల డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, ఫీజు కట్టాలి. ‘ఇలాంటి చోట్లు ఎవరికీ తెలియకపోతేనే బాగుంటాయి’ అని మనం కవిత్వం చెప్పొచ్చు. కిస్తీ కట్టేది మనం కాదు కదా. ఆమెకి కావాల్సింది ఆదివారం రెండు వందల మంది కాదు, మామూలు రోజుల్లో ఇంకో పదిహేను మంది. మన రీల్స్ తెచ్చేది సరిగ్గా దీనికి ఉల్టా. ఉన్న రద్దీ మీదే ఇంకా రద్దీ పోస్తాయి.

ఆ ముడి విప్పింది నేను కాదు, వాళ్లమ్మాయి. అప్పటికే ఆ అమ్మాయి రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆ రోజు వచ్చిన చేపల ఫోటో అమ్మ వాట్సాప్ స్టేటస్‌లో పెడుతోంది. టీచర్లు, బ్యాంకు వాళ్లు, ఆ రూట్‌లో తిరిగే డ్రైవర్లు అది చూసి ‘నాకు రెండు ముక్కలు పక్కన పెట్టు’ అని మెసేజ్ పెడతారు. ఫ్రెంచ్ వాళ్ల నల్ల పలక గుర్తొచ్చిందా? ఇది అదే. సుద్దముక్క బదులు ఫోన్.

“అన్నా, మ్యాప్‌ల పెడదాం. కానీ ఆదివారం క్లోజ్ అని పెడదాం. తెలిసినోళ్లు ఎట్లయినా వస్తరు. మిగతా రోజులకు ‘ముందు ఫోన్ చేసి రండి’ అని రాద్దాం. ఫోన్ చేసినోళ్లను లెక్కపెట్టుకుని చేపలు తెస్తది అమ్మ” అంది.

డిమాండ్‌ని మామూలు రోజులకి జరపడం, ముందే ఆర్డర్ తెలుసుకోవడం, వేస్ట్ తగ్గించడం. మా ఆఫీసులో దీనికి రెండు మీటింగులూ ఒక ప్రెజెంటేషనూ అయ్యేవి. ఆ అమ్మాయి రొట్టెలు అందిస్తూ నిలబడే చెప్పేసింది. ఆ సాయంత్రమే పెట్టాం. ఇప్పుడు మంగళవారాలు పులుసు మిగలడం లేదని మొన్న ఫోన్‌లో చెప్పింది. ఆదివారం క్లోజ్ అని చూసి కూడా వచ్చేవాళ్లు ఉన్నారట. వాళ్లకి ఉన్నంతవరకే.

మరి ఆ హోటల్ పేరేంటి అంటారా? ఇక్కడ రాయను. ఈ కాలమ్ చదివేవాళ్లు ఆమె గిన్నె కంటే ఎక్కువమంది. వెతికితే మ్యాప్‌లో దొరుకుతుంది, ఫోన్ చేశాకే పోతారు కాబట్టి ఇబ్బంది లేదు. దొరక్కపోయినా నష్టం లేదు, ఎందుకంటే అలాంటి చేతులు అక్కడ ఇంకా చాలా ఉన్నాయి.

మీరూ పోతే

ఆదివారం వద్దు, మామూలు రోజు పోండి. వీకాఫ్ మధ్యలో వచ్చేవాళ్లకి ఇది లాటరీయే. బోర్డు మీద ఫోన్ నంబర్ ఉంటే గంట ముందు కొట్టండి.

రేటింగ్ చూసే ముందు బయట ఏ బండ్లున్నాయో చూడండి. హైదరాబాద్ కార్లే ఉంటే అది టూరిస్ట్ స్పాట్. ఊరి స్కూటీలు, ఆర్టీసీ వాళ్ల ఖాకీ చొక్కాలు కనబడితే ఆగండి.

ఐటమ్స్ నాలుగు దాటితే కొంచెం అనుమానించండి. “ఏమున్నయి?” అనడిగి వాళ్లు చెప్పిందే తినండి. మంచూరియా ఉందా అని అడక్కండి.

పార్సిల్ వద్దు. జొన్నరొట్టె కవర్‌లో పది నిమిషాలుంటే అట్టముక్క అయిపోతుంది. కూర్చుని తినండి, లేటైతే కృష్ణని చూడండి.

రివ్యూ రాస్తే ‘వావ్, మస్ట్ ట్రై’ అని రాయకండి. ఏ రోజు, ఎన్నింటికి పోయారో, ఏం తిన్నారో రాయండి. తర్వాత వచ్చేవాళ్లకి పనికొచ్చేది అదే. వీడియో తీయాలనిపిస్తే ముందు పొయ్యి దగ్గరున్న మనిషిని అడగండి. ఆమె రెండు చేతులూ పిండిలో ఉంటాయి, మొహానికి చెంగు అడ్డం పెట్టుకోలేదు.

ఇక స్టార్ల సంగతి. మిషెలిన్ వాళ్ల లెక్కలో జూరాల అక్క పులుసుకి నేనిచ్చేది రెండు: దారి మళ్లైనా సరే వెళ్లండి. అమ్మ మాత్రం మూడంటోంది. చెల్లి పెళ్లికి ఇంకో రెండు చీరలు కావాలట, వాటిని కూడా గద్వాలలోనే కొనాలట, అదీ మంగళవారమేనట.